అద్దం వెనుక శ్రోత

పెళ్లిపందిరిలో సన్నాయిమేళం సాగుతున్నప్పుడు డోలు పక్కన చతికిలబడిన పిల్లవానికి డోలు తప్ప మరొకటి వినబడదు. పందిరి చివర అరటిబోదె పక్కన నిలిచిన పెద్దమనిషికి సన్నాయి స్వరం గాలిలో తేలివస్తుంది గాని, వెనుక శ్రుతి పట్టినవాడున్నాడో లేడో తెలియదు. ఇద్దరూ విన్నది ఒకే కచేరీ. అయినా ఇద్దరి చెవులకూ చేరిన సంగీతం వేరు. రుచించనివాడు లేచి మరొకచోట కూర్చోవచ్చును. ఆ స్వాతంత్ర్యం సభలో ప్రతివానికీ ఉన్నది. పాట రికార్డుగా మారిన క్షణాన ఆ స్వాతంత్ర్యం పోతుంది. లోకంలో ఎన్ని లక్షలమంది విన్నా అందరూ ఒకేచోట కూర్చుని వినవలసినదే. ఆ చోటు ఎక్కడ ఉండవలెనో నిర్ణయించినవాడు ఒకడున్నాడు. అతడు పాడలేదు, వాయించలేదు, బాణీ కట్టలేదు. గాజు అద్దానికి ఆవల కూర్చుని విన్నాడు, అంతే.

అతనిని నేడు రికార్డింగు ఇంజనీరు అంటున్నారు. లండను నగరంలో అబీ రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలలో పూర్వం బాలెన్స్ ఇంజనీరు అనేవారు. తూకం వేసేవాడని ఆ మాటకు అర్థం. పాత పేరే సార్థకమైనదని ఒప్పుకోక తప్పదు. ఆ ఇ.ఎం.ఐ. సంస్థ మనకు బొత్తిగా పరాయిది కాదు. గ్రామఫోను గొట్టం ముందు కూర్చున్న కుక్కబొమ్మతో వెలువడిన ప్లేట్లు, తెలుగు నాటకపద్యాలను ఊరూరా వినిపించిన ప్లేట్లు, ఆ కుటుంబానికి చెందినవే. 1931 నవంబరు 12వ తేదీన సర్ ఎడ్వర్డ్ ఎల్గార్ లండన్ సింఫనీ వాద్యబృందాన్ని నడిపించగా అబీ రోడ్డు స్టూడియోకు ప్రారంభోత్సవం జరిగినది. ఆ భవనంలోకి 1962 సెప్టెంబరులో జెఫ్ ఎమెరిక్ అనే పదహారేళ్ల కుర్రవాడు ఉద్యోగిగా ప్రవేశించినాడు. లండను పిల్లవాడే. చేరిన కొద్దిరోజులలోనే, లివర్‌పూల్ నుండి వచ్చిన నలుగురు యువకులు తమ తొలి రికార్డు కోసం పడిన అవస్థను ఒక మూల నిలబడి చూచే అవకాశం అతనికి లభించినది. ఆ నలుగురే బీటిల్స్.

ఆ భవనంలో సంగీతం కన్న క్రమశిక్షణ ముందు కనిపించేది. యంత్రాలను మరమ్మతు చేసేవారు తెల్లకోట్లు తొడుక్కోవలెను. వాద్యాలు మోసేవారికి గోధుమరంగు కోట్లు. ఇంజనీరు టై కట్టుకొని రావలెను. ఉదయం పది నుండి ఒంటిగంట వరకు ఒకటి, మధ్యాహ్నం రెండున్నర నుండి అయిదున్నర వరకు ఒకటి, రాత్రి ఏడు నుండి పది వరకు మరొకటి: రోజుకు మూడే పూటలు. మన పాఠశాలల గంటల పట్టిక కూడ ఇంత నిక్కచ్చిగా నడవదేమో. ఏ వాద్యానికి మైక్రోఫోను ఎంత దూరంలో నిలపవలెనో, ఏ ముల్లు ఏ గీత దాటరాదో నిబంధనలుండేవి. వాటిని ఏర్పరచినవారు మూర్ఖులు కారు. అప్పటి మైక్రోఫోనులు సుకుమారమైనవి, వెలగలవి. డోలు వెలువరించే గాలి తాకిడికి దెబ్బతినగలవు. రికార్డుపై గాడి మరీ లోతుగా, వెడల్పుగా పడితే ఇంటిలో గ్రామఫోను సూది ఎగిరిపడుతుంది. కనుక మంద్రస్వరాలను అణచి ఉంచవలసివచ్చేది.

పని నేర్చుకొనే పద్ధతి గురుకులవాసం వంటిది. కొత్తవాడు మొదట టేపు మీటలు నొక్కవలెను, మాట్లాడకుండా చూడవలెను. తరువాత రికార్డు గాడులు చెక్కే గదిలో కొంతకాలం గడపవలెను. ఇంజనీరు స్థానంలో కూర్చోవడం ఆ మెట్లన్నీ ఎక్కిన తరువాతి మాట. ఎమెరిక్‌కు ఆ దారి చాల మేలు చేసినది. ఇతరుల పొరపాట్లు గాడిలో ఎట్లా పడతాయో చెక్కేవానికి తెలిసినంతగా మరెవ్వరికీ తెలియదు.

అప్పటికి బీటిల్స్‌కు ఇంజనీరు నార్మన్ స్మిత్. నిర్మాత జార్జి మార్టిన్. వారి మొదటి పెద్ద రికార్డుకోసం 1963 ఫిబ్రవరి 11వ తేదీన ఒక్క రోజులోనే పది పాటలు పట్టినారు. నాడు టేపుపై ఉన్నవి రెండే దారులు. వాద్యాలన్నీ ఒక దారిన, గాత్రాలు ఇంకొక దారిన నడిచేవి. ఆనాటి జలుబుతో గొంతు రాపాడుతున్న జాన్ లెనన్ చివరి పాటను చివరిదాకా దాచుకొని, పొద్దుపోయిన తరువాత ఒక్క ఊపులో పాడివేసినాడు. స్మిత్ చేసినది ఏమంటే, నలుగురూ వేదికమీద వాయించినట్లే వాయించనిచ్చి, ఉన్నది ఉన్నట్లు పట్టడం. ఫొటోగ్రాఫరు పని అది. ఆ పనిలో ఆయన నేర్పరి. 1963 అక్టోబరులో టేపుపై దారులు నాలుగైనవి. ఆయన 1965 చివరివరకు బీటిల్స్‌తోనే ఉండి, తరువాత నిర్మాతగా మారినాడు. ఖాళీ అయిన ఆ కుర్చీలో ఇరవై ఏళ్ల ఎమెరిక్‌ను కూర్చోబెట్టినారు.

1966 ఏప్రిల్ 6వ తేదీన అతని మొదటి పూట మొదలైనది. పాట పేరు 'టుమారో నెవర్ నోస్'. లెనన్ ఒక విచిత్రమైన కోరిక కోరినాడు. కొండశిఖరం మీదనుండి దలైలామా మంత్రం పఠిస్తున్నట్లు తన గొంతు వినబడవలెనన్నాడు. యంత్రశాస్త్రంలో దీనికి సూత్రం లేదు. కవి చెప్పిన ఉపమానాన్ని తీగలలోకి, మీటలలోకి దింపవలసిన భారం అద్దం వెనుక ఉన్నవానిది. హామండ్ ఆర్గన్ అనే వాద్యానికి లెస్లీ అని ఒక స్పీకరు ఉంటుంది. దానిలో శబ్దం వెలువడే గొట్టం గిరగిర తిరుగుతుంది. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు కూత హెచ్చుస్వరంలోను, దాటిపోగానే తగ్గుస్వరంలోను వినబడే సంగతి విద్యార్థులకు తెలిసినదే. తిరిగే గొట్టం నుండి వచ్చే ధ్వని కూడ అట్లాగే క్షణక్షణం హెచ్చుతగ్గులై అలలు దేరుతుంది. ఆర్గన్‌ను తీసివేసి లెనన్ గొంతును ఆ స్పీకరులోనికి పంపించవచ్చునన్న ఊహ ఎమెరిక్‌కు తట్టినది. కెన్ టౌన్‌సెండ్ అనే సాంకేతికుడు తీగలు మార్చి అతికినాడు. గొంతు మనిషిదే, మాటలు తెలుస్తూనే ఉన్నవి. కాని మాట్లాడేవాడు ఈ గదిలో లేడనిపించినది. విన్న లెనన్ ఆనందానికి మేర లేకపోయినదట.

మరి డోలు సంగతి. రింగో స్టార్ కాలితో వాయించే పెద్దడోలుకు మైక్రోఫోను రెండడుగుల దూరాన ఉండవలెనని నిబంధన. ఎమెరిక్ దానిని కొన్ని అంగుళాల దూరానికి జరిపినాడు. అక్కడ పడిఉన్న ఒక ఉన్ని స్వెట్టరును, నలుగురికి సరిపడేట్లు నాలుగు మెడలతో ఒకప్పుడు తమాషాకు అల్లినదానిని, డోలులో కుక్కి మోత అణచినాడు. ఆ ధ్వనిని ఫెయిర్‌చైల్డ్ అనే లిమిటరు గుండా నడిపించినాడు. ధ్వని హద్దుమీరి లేచినప్పుడు నెత్తిన మొట్టి కూర్చోబెట్టే యంత్రమది. గట్టిగా మొట్టినకొద్దీ, దెబ్బ పడిన వెంటనే సద్దుమణగవలసిన మోత తిరిగి ఉబికి వస్తుంది. యంత్రం చేసినవారు దీనిని దోషంగా భావించి ఉందురు. ఎమెరిక్ చెవికి అదే గుణమైనది. అధికారులకు సంగతి తెలిసి, మైక్రోఫోనును అంత సమీపంలో ఉంచడానికి అనుమతిస్తూ ఒక ఉత్తరం వ్రాసినారనీ, ఆ అనుమతి ఒక్క బీటిల్స్ రికార్డింగులకే పరిమితమనీ అతడు చెప్పుకొన్నాడు. నిబంధనకు మినహాయింపు కూడ నిబంధన రూపంలోనే రావలెను కాబోలు!

మర్నాడు మరొక వింత. పాల్ మెకార్ట్‌నీ ఇంటివద్ద తయారుచేసిన టేపు చుట్టలను తెచ్చినాడు. చివరలు కలిపి అతికిన ఆ చుట్టలు ఆగకుండా తిరుగుతూ ఒకే ధ్వనిని మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. భవనంలోని వేర్వేరు గదులలో అయిదు యంత్రాలపై అయిదు చుట్టలు తిరిగినవి. తెల్లకోటువారు పెన్సిళ్లతో ఆ చుట్టలను బిగువుగా పట్టుకొని నిలబడినారు. అన్ని ధ్వనులూ ఒకచోటికి చేరగా, ఏది ఎప్పుడు లేవవలెనో, ఏది ఎప్పుడు అణగవలెనో మీటలమీద వేళ్లతో అప్పటికప్పుడు నడిపించినారు. ఆ పూట మిక్సింగు బల్లయే ఒక వాద్యమైనది. అదే కూర్పు మళ్లీ ఎవ్వరికీ, వారికే, సాధ్యం కాదు.

అదే నెలలో 'పేపర్‌బ్యాక్ రైటర్' అనే పాటకు మంద్రగిటారు మోత చాలదని మెకార్ట్‌నీ పట్టుబట్టినాడు. అమెరికా రికార్డులలో ఆ మోత గుండెకు తగులుతుంటే తమ రికార్డులలో చెవికి కూడ ఆననేల అన్నది అతని ఫిర్యాదు. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన ఉపాయం ఒకటి ఇక్కడ ఫలించినది. మైక్రోఫోనులో పలుచని పొర కదిలి విద్యుత్తు పుడుతుంది. స్పీకరులో విద్యుత్తు వలన పొర కదిలి ధ్వని పుడుతుంది. దారి ఒకటే, ప్రయాణమే ఎదురు. అట్లయితే పెద్ద స్పీకరునే మైక్రోఫోనుగా వాడరాదా? వాడినారు. పెద్ద పొర కనుక పెద్ద అలలను పట్టగలిగినది.

అన్ని ప్రయోగాలూ అందరికీ నచ్చలేదు. 'ఎలినార్ రిగ్బీ' పాటకు నాలుగు వయొలిన్లు, రెండు వియోలాలు, రెండు చెల్లోలు వాయించడానికి అనుభవజ్ఞులైన విద్వాంసులు వచ్చినారు. జార్జి మార్టిన్ స్వరాలు వ్రాసి ఇచ్చినారు. ఎమెరిక్ ఒక్కొక్క వాద్యానికి అతి సమీపంగా మైక్రోఫోను నిలిపినాడు. దూరాన నిలిచి వింటే వయొలిన్ తీయగా ఉంటుంది. దగ్గర నిలిచి వింటే కమాను తీగను ఒరసుకొనే గరగర కూడ వినబడుతుంది. ఏ విద్వాంసుడు తన గరగరను లోకానికి వినిపించ గోరును? వారు పాట పాటకూ కుర్చీలు వెనక్కు జరుపుకొనేవారట. వెనక్కు జరుగవద్దని వారిని బతిమాలవలసివచ్చినది. ఆ విద్వాంసుల జంకు న్యాయమైనదే. అయినా ఆ ఒంటరి మనుషుల పాటకు తగినది ఆ గరగరయేనని నేడు విన్నవారు కాదనరు.

ఇట్లా 'రివాల్వర్' ముగిసినది. ఆ తరువాత 1966 నవంబరు చివర 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదలైనది. లెనన్‌కు ఒక రికార్డింగులో మొదటిభాగం, మరొక రికార్డింగులో తరువాతిభాగం నచ్చినవి. రెంటినీ అతకమన్నాడు. రెండు చిక్కులు: శ్రుతి వేరు, లయవేగం వేరు. లెనన్‌కు ఈ చిక్కులు పట్టలేదు. మీరు చేయగలరులే అన్న ధోరణిలో వెళ్లిపోయినాడు. టేపును నెమ్మదిగా నడిపితే వేగంతోపాటు శ్రుతి కూడ దిగుతుంది, త్వరగా నడిపితే రెండూ పెరుగుతాయి. అదృష్టవశాత్తు వేగం ఎక్కువ ఉన్నదానికే శ్రుతి కూడ హెచ్చుగా ఉన్నది. దానిని తగ్గించి, రెండవదానిని పెంచి, డిసెంబరు 22వ తేదీన మార్టిన్, ఎమెరిక్‌లు రెంటినీ అతికినారు. పాట మొదలైన నిమిషం దగ్గర ఆ అతుకు ఉన్నది. తెలియనివానికి వినబడదు, ఒకసారి తెలిసిన తరువాత వినబడకుండ పోదు.

ఇంజనీరు కష్టమంతా ఏ మాటలో ఉన్నదో చెప్పుటకు ఇది తగిన చోటు. నాలుగు దారుల టేపుపై డోలు, గిటారు, పియానో, గాత్రం పట్టిన తరువాత ఇంకొక వాద్యం కావలసివస్తే చోటు లేదు. అప్పుడు ఆ నాలుగింటిని కలిపి మరొక టేపుపై ఒకటి రెండు దారులలోనికి కుదించి, మిగిలిన దారులలో కొత్తవి పట్టేవారు. కుదించేనాటికి డోలు ఎంత, గిటారు ఎంత అన్న తూకం నిశ్చయమై పోవలెను. ఉప్పు కలిపిన తరువాత పులుసులోనుండి ఉప్పు తీయడం ఎవరి తరం? ఇంకా రాని వాద్యాన్ని, ఇంకా పాడని గొంతును ఊహలో విని, వాటికి తగినంత చోటు వదలి నేడు తూకం వేయవలెను. తప్పితే పాట పొడుగునా ఆ తప్పు మిగులుతుంది. కుదించిన ప్రతిసారీ టేపుపై బుసబుస కూడ కొంత పెరుగుతుంది. 1967 జూన్‌లో లోకాన్ని ఊపివేసిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అంతయు ఈ నాలుగు దారుల యంత్రాలమీద కట్టిన మేడయే.

ఆ రికార్డులో మన దేశానికి సంబంధించిన పాట ఒకటి ఉన్నది. జార్జి హారిసన్ రచించిన 'విదిన్ యూ వితౌట్ యూ'. 1967 మార్చిలో లండనులోని భారతీయ వాద్యకారులు స్టూడియోకు వచ్చి, నేలపై పరచిన తివాచీపై కూర్చుని తబలా, దిల్‌రుబా, తంబూరా వాయించినారు. తబలాకు కూడ ఎమెరిక్ మైక్రోఫోనును దగ్గరగానే నిలిపినాడు. డగ్గామీద మణికట్టు ఒత్తిడితో లేచే గుమికిని అంత గంభీరంగా పాశ్చాత్యుల రికార్డు అంతకు ముందు వినిపించి ఉండదు. తరువాత ఏప్రిల్‌లో ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు చేరినవి. స్వరంనుండి స్వరానికి జారే దిల్‌రుబా గమకాన్ని పాశ్చాత్య వయొలిన్ విద్వాంసులు అనుసరించడానికి చాల శ్రమపడినారు. మెట్లు ఎక్కడానికి అలవాటుపడినవారిని ఏటవాలు దారిన నడవమన్నట్లయినది. ఆ భారతీయ వాద్యకారుల పేర్లు అట్టమీద అచ్చు కాలేదు. ఎమెరిక్ పేరు కూడ లేదు.

'ఎ డే ఇన్ ది లైఫ్' పాటలో రెండు భాగాల నడుమ ఇరవైనాలుగు ఆవర్తాల ఖాళీ ఉండిపోయినది. 1967 ఫిబ్రవరి 10వ తేదీ రాత్రి నలభైమంది వాద్యకారులు వచ్చి, తమ వాద్యంలోని కింది స్వరంనుండి పై స్వరానికి ఎవరి దారిన వారు పాకిపోయినారు. పక్కవాని మాట వినవద్దు అన్నది వారికిచ్చిన ఆజ్ఞ. జీవితమంతా పక్కవానిని వింటూ వాయించినవారికి అంతకన్న కష్టమైన ఆజ్ఞ ఉండదు. చివరి స్వరసమూహాన్ని అదే నెల 22న పట్టినారు. మూడు పియానోలమీద అనేకులు ఒక్కసారిగా మీటలు కొట్టి కదలక నిలిచినారు. కొట్టినప్పుడు ధ్వని బలంగా ఉంటుంది కనుక మీట దించి ఉంచి, ధ్వని క్షీణించినకొద్దీ ఎమెరిక్ మీటను పైకి పైకి తెచ్చినాడు. నలభై సెకనులకు పైగా ఆ స్వరం నిలిచినది. చివర మీట అంత పైకి పోయినందున గదిలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడ టేపుపై పడినది. ఓపికగా వినేవారికి అది నేటికీ వినబడుతుంది.

1968లో ఆ రికార్డుకు ఇంజనీరింగు విభాగంలో గ్రామీ బహుమతి ఎమెరిక్ పేర వచ్చినది. అట్టమీద లేని పేరు బహుమతి ఫలకంమీద చేరినది. కాని ఆ సంవత్సరమే అతడు కుర్చీ వదిలి వెళ్లిపోయినాడు.

ఆ సంగతి స్టూడియో చరిత్రలో చిన్నదిగా కనిపించును గాని చిన్నది కాదు. తరువాతి జంట రికార్డుకోసం పనిచేస్తున్నప్పుడు నలుగురి మధ్య స్నేహం బీటలు వారినది. ఒక్కొక్క పాటను రాత్రులకు రాత్రులు మళ్లీ మళ్లీ వాయించడం, ఒకరినొకరు దెప్పుకొనడం, ఆ విసుగు అద్దం వెనుక ఉన్నవారిమీద చూపడం పరిపాటియైనది. తూకం వేసేవానికి చెవి ఒక్కటే పనిముట్టు. మనసు కలత చెందితే చెవి కూడ కలత చెందుతుంది. రంపం మొద్దువారితే సానబట్టవచ్చును. చెవికి సాన లేదు. 1968 జులై 16వ తేదీన, ఇక ఈ పని తనవల్ల కాదని చెప్పి ఎమెరిక్ నిష్క్రమించినాడు. వద్దని వారించినవారున్నారు. ప్రపంచంలో ప్రతి ఇంజనీరూ ఆశించే కుర్చీ అది. ఇరవైరెండేళ్ల యువకుడు దానిని తనంతతానే వదలుకొన్నాడు.

మరుసటి సంవత్సరం వారు పిలువగా తిరిగి వచ్చి 'అబీ రోడ్' అన్న పేరుగల రికార్డుకు పనిచేసినాడు. అప్పటికి దారులు ఎనిమిదైనవి. వాల్వులు పోయి ట్రాన్సిస్టరుల బల్ల వచ్చినది. ధ్వని మెత్తబడినదని, డోలులో పాత కరుకుదనం రావడంలేదని మొదట నొచ్చుకొన్నాడు. ఆ మెత్తదనంతోనే కూర్చి మరొక గ్రామీ సంపాదించినాడు. 1973లో మెకార్ట్‌నీ నైజీరియాలోని లాగోసుకు రికార్డింగుకు వెళ్లినప్పుడు వెంట వెళ్లినాడు. బృందంలో ఇద్దరు ప్రయాణానికి ముందే తప్పుకొన్నారు, స్టూడియోలో సదుపాయాలు అరకొర, కత్తులు చూపిన దొంగలు మెకార్ట్‌నీ దంపతుల వద్ద పాటల టేపులు దోచుకొన్నారు. ఆ సంకటాలనుండి వెలువడిన 'బ్యాండ్ ఆన్ ది రన్' 1975లో మూడవ గ్రామీ తెచ్చినది.

2006లో ఎమెరిక్ తన స్మృతులను గ్రంథంగా ప్రకటించినాడు. అందులోని కొన్ని వృత్తాంతాలు సరికావని, అతని సహోద్యోగి, తానూ బీటిల్స్‌కు ఇంజనీరుగా పనిచేసిన కెన్ స్కాట్ ఆక్షేపించినాడు. నలభై ఏళ్ల కిందటి మాటలను జ్ఞాపకంనుండి వ్రాసేటప్పుడు తప్పులు దొర్లడం వింత కాదు. మనుషులను గురించి అతని తీర్పులను కొంత జాగ్రత్తగానే చదువవలెను. ధ్వనిని గురించి అతడు చెప్పినవాటికి మాత్రం రికార్డులే సాక్ష్యం. 2018 అక్టోబరు 2వ తేదీన లాస్ ఏంజెలెస్ నగరంలో అతడు కన్నుమూసినాడు.

నేడు కంప్యూటరు తెరమీద దారులకు లెక్కలేదు. వందవాద్యాలను వంద దారులలో విడివిడిగా ఉంచి, తూకాన్ని ఎన్నాళ్లయినా వాయిదా వేయవచ్చును. 2022లో అంతకు మించిన చిత్రం జరిగినది. జార్జి మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్ 'రివాల్వర్' పాటలకు తిరిగి మిక్సింగు చేసినాడు. అందులో మొదటిపాటకు గిటారు, మంద్రగిటారు, డోలు మూడింటినీ 1966లో ఒకే దారిలో పట్టినారు. కృత్రిమ మేధ సాయంతో కంప్యూటరు వాటిని దేనికది విడదీసినది. పులుసులోనుండి ఉప్పు నిజంగానే బయటికి వచ్చినది. జైల్స్ మార్టిన్ డోలును ఎడమనుండి తెచ్చి మధ్యలో నిలిపినాడు, గాత్రానికి కొత్త చోటు చూపినాడు. డోలు మోత మాత్రం పాతదే. నాలుగు మెడల స్వెట్టరును కుక్కి, రెండడుగుల గీత దాటి మైక్రోఫోను జరిపిననాడు పుట్టిన మోత అది.